దైవజ్ఞానమునకు పట్టము

ఛాందోగ్యోపనిషత్తులో శ్వేతకేతువు 12 ఏండ్లు గురువునొద్ద ఉండి, వేదములన్నియు చదివి, 24వ ఏట ఇల్లు చేరినాడు. చదువుతో పాటు గర్వమును కూడ వెంట తెచ్చినాడు. తండ్రి ఉద్దాలకుడు అతనిని వేదపాఠములో పరీక్షింపలేదు. ఏ ఒక్కటి తెలిసినయెడల తక్కినదంతయు తెలిసినట్లగునో, ఆ ఉపదేశమును గురించి గురువును అడిగినాడా లేదా అని మాత్రమే విచారించినాడు. కుమారునికి ఆ ప్రశ్నయే క్రొత్తది. అంతమాత్రమున తండ్రి ఆ చదువు వ్యర్థమని త్రోసివేయలేదు. మఱ్ఱిపండును, ఉప్పు కలిపిన నీటిని ముందుంచి, చదువు ఆగిన చోటినుండియే తిరిగి మొదలుపెట్టినాడు. గురుకులములో ముగిసినదనుకొన్న విద్యకు అసలైన పరీక్ష ఇంటిలో జరిగినది.

దైవవిషయమైన విద్యకు పట్టమిచ్చుట అను ఆచారమును గురించి ఆలోచించువారికి ఈ కథ జ్ఞప్తికి వచ్చుట సహజము. గణితమునకో, వైద్యమునకో, న్యాయశాస్త్రమునకో పట్టమిచ్చినప్పుడు ఎవరికిని సందేహము కలుగదు. దేవుని గూర్చిన తెలివికి ప్రశ్నపత్రములు కూర్చి, మార్కులు వేసి, శ్రేణులు నిర్ణయించుట మాత్రము ఇరువైపుల వారికిని వింతగా తోచును. విశ్వాసమునకు పరీక్ష ఏమిటని భక్తుడు అడుగును. విశ్వసించిన దానిని పరిశీలించుట శాస్త్రమెట్లగునని లౌకికుడు అడుగును. ఈ రెండు ప్రశ్నలకును పండితులు శతాబ్దులుగా సమాధానములు చెప్పుచునే ఉన్నారు. అంతగా చర్చకు రాని మూడవ ప్రశ్న ఒకటి కలదు. అట్టి పట్టమును పొందినవాడు ఎవరికి ఋణపడి ఉండును? తాను తెలిసికొన్న దానిలో ఎంత భాగమును, ఎవరితో పంచుకొనుటకు బద్ధుడు?

భారతదేశమున ఈ పట్టములకు ఆది స్థానము వంగదేశమందలి శ్రీరామపురము. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డు అను ముగ్గురు మిషనరీలు అక్కడ కళాశాలను స్థాపించినారు. ఆ పట్టణము అప్పుడు డెన్మార్కు దేశపు ఏలుబడిలో ఉండినది. 1827లో డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ ఆ కళాశాలకు పట్టములిచ్చు అధికారమును శాసనపూర్వకముగా ప్రసాదించినాడు. 1845లో పట్టణము ఆంగ్లేయుల చేతికి పోయినను ఆ శాసనము నిలిచినది. దైవశాస్త్రములో బాచిలర్ ఆఫ్ డివినిటీ పట్టములను అక్కడ మొదట ప్రదానము చేసినది 1915లో. 1918లో వంగ శాసనసభ చేసిన చట్టముతో, ఇతర కళాశాలలలో చదివినవారికి కూడ శ్రీరామపురపు సెనెట్టు పట్టములిచ్చు ఏర్పాటు కుదిరినది. తెలుగునాట వేర్వేరు క్రైస్తవ సంఘములు విడివిడిగా నడుపుకొన్న శిక్షణాలయములు కొన్ని 1964లో ఏకమై, రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలగా ఏర్పడినవి. 1973లో అది హైదరాబాదు చేరినది. పాత నిబంధన, క్రొత్త నిబంధన, క్రైస్తవ దైవశాస్త్రము, సంఘచరిత్ర, నీతిశాస్త్రము, ఇతర మతముల అధ్యయనము ఈ చదువులోని ముఖ్య శాఖలు. మాస్టరు పట్టమునకు పోయి పాత నిబంధనను ఎన్నుకొన్నవాడు హీబ్రూ భాషను, క్రొత్త నిబంధనను ఎన్నుకొన్నవాడు గ్రీకు భాషను నేర్వవలసి యుండును.

ఈ చదువంతయు అవసరమా అను ఆక్షేపణను తేలికగా కొట్టివేయరాదు. దానికి తెలుగునాటనే బలమైన నిదర్శనము కలదు. తిరునెల్వేలి తమిళుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడైనాడు. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు అతడే. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితము చదివినను, పట్టము పుచ్చుకొనకుండనే బయటకు వచ్చినవాడు. పరాయి భాషయైన తెలుగును నేర్చి, 1945లో మరణించువరకు నిజాము రాజ్యపు పల్లెలలో తిరిగి, అక్షరము రాని కూలిజనులతో సంఘములు కట్టినాడు. అతని సేవకు పట్టము లేకుండుట లోపమైనదని ఎవరును అనలేరు.

అయినను ఈ నిదర్శనము మొదట కనిపించినంత సరళము కాదు. అజరయ్య తనకు పట్టము లేదని ఇతరులకు చదువు వలదనలేదు. పల్లె ఉపాధ్యాయులకును, వారి భార్యలకును శిక్షణ ఇప్పించుటలో అతడు చూపిన పట్టుదల ప్రసిద్ధమైనది. చదువనిదే బోధింపరాదని అతడు ఎఱుగును. ఆ చదువు బోధ వినువారికి అందుబాటులో ఉండవలెనని కూడ ఎఱుగును. కాబట్టి అతని జీవితము వలన తేలునది పట్టము అనవసరమని కాదు. పల్లె యొక్క అవసరమే విద్యకు కొలత అని తేలుచున్నది. ఆ కొలతను చేతబట్టి, ఈ చదువుకు మిక్కిలి దూరముగా తోచు ఒక ప్రదేశమును పరిశీలించుట ఉచితము.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున, పూర్వపు బస్తరు సంస్థానపు నైరుతి మూలను, తెలంగాణమునకు ఆనుకొని ఉసూరు ప్రాంతము కలదు. 2007లో ఏర్పడిన బీజాపూరు జిల్లాలో అది యొక భాగము. ఆ అడవుల నీటిని తాలిపేరు నది దక్షిణమునకు తెచ్చి చర్ల దిక్కున గోదావరిలో కలుపుచున్నది. మనుష్యుల రాకపోకలు కూడ చిరకాలముగా ఆ నీటి దారినే పోవుచున్నవి. అక్కడి దోర్లాల మాట కోయ భాషకు చేరినది. గోండీకి సోదరి, తెలుగునకు దగ్గరి బంధువు. బడిలో హిందీ, సంతలో హిందీ, హల్బీ, తెలుగు, ఇంటిలో దోర్లీ. నదికి దిగువను, గోదావరి ఒడ్డున ఉన్న దుమ్ముగూడెములో, నౌకాయాన నిర్మాణములను చూచుచుండిన ఇంజనీరు హైగ్ ప్రోత్సాహముతో 19వ శతాబ్ది ఉత్తరార్ధమున కోయల కొఱకు ఒక క్రైస్తవ మిషను ఏర్పడినది. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ 1876 మొదలుకొని ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో కోయల భాషను, ఆచారములను గూర్చి వ్రాసిన వ్యాసములను తరువాతి పరిశోధకులు నేటికిని తిరుగవేయుచున్నారు. బోధింప వచ్చినవాడు ముందుగా విద్యార్థి కావలసి వచ్చినది.

ఉసూరు ప్రాంతపు యువకుడొకడు ఈ పట్టము కొఱకు బయలుదేరినాడని భావించినచో, అతని ముందున్న మెట్లను సులభముగానే లెక్కింపవచ్చును. ఇంట దోర్లీలో ప్రార్థించి, బడిలో హిందీలో చదివి, తెలుగు బైబిలును విని పెరిగి, హైదరాబాదులోనో మరియొక నగరములోనో ఇంగ్లీషు గ్రంథముల ద్వారా హీబ్రూ మూలమును సమీపింపవలెను. ఒక్క వాక్యము అతని హృదయమును చేరుటకు ఐదు భాషలు దాటవలసి యుండును. మరల ఆ వాక్యమును తల్లికి వినిపింపవలెనన్నచో ఆ ఐదింటిని వెనుకకు దాటవలెను. ముందుకు దాటుటకు మార్కులు కలవు, పట్టము కలదు. వెనుకకు దాటుటకు ఏ విశ్వవిద్యాలయమును మార్కులు వేయదు. అందుచేతనే అనేకులు ఆవలి ఒడ్డుననే నిలిచిపోవుచున్నారు. వారిని నిందించుట న్యాయము కాదు. దారి వారు వేసినది కాదు.

భాష కంటె క్లిష్టమైన ఆటంకము మరియొకటి కలదు. కళాశాలలో ఆ యువకుడు తెలిసికొను సంగతులలో కొన్ని, అతనిని పంపిన సంఘము ఎన్నడును విననివి. మోషే పేరిట ఉన్న ఐదు గ్రంథములలో అనేక కాలముల, అనేక హస్తముల వ్రాత కలదని పండితులు చెప్పుదురు. ఆదికాండము మొదటనే సృష్టి కథ రెండు విధములుగా ఉన్నది. యెషయా గ్రంథములో 40వ అధ్యాయము నుండి స్వరము మారి, బబులోను చెర కాలపు మాట వినిపించును. ఇవి నాస్తికుల కల్పనలు కావు. విశ్వాసులైన పండితులే రెండు శతాబ్దులకు పైగా తరచి చూచి చేసిన నిర్ణయములు. పరీక్షలో వీనిని వ్రాసినవాడు ఉత్తీర్ణుడగును. ఆదివారము ప్రసంగములో వీనిని పలికినవాడు అనుమానమునకు పాత్రుడగును. కనుక పట్టభద్రులలో చాలమంది కళాశాలలో నొక మాట, గుడిలో నొక మాట చెప్పుటకు అలవాటు పడుదురు.

ఈ రెండు నాలుకల జీవితమును సమర్థించువారు చూపు కారణము దయ. పామరుని విశ్వాసము లేత మొక్క వంటిది, దానిని కదల్చరాదు అందురు. ఈ దయలో కొంత నిజము లేకపోలేదు. రోగికి పథ్యము, శిశువునకు పాలు అవసరమే. అయితే ఎన్ని ఏండ్లు గడచినను శిశువు ఎదుగుననుకొనని తల్లి ఉండదు. సంఘము ఎప్పటికిని పాలమీదనే ఉండవలెనని తలచు పండితుడు వారిని ప్రేమించుచున్నాడో, తక్కువ చేయుచున్నాడో తనను తాను ప్రశ్నించుకొనవలెను. తన కొక సత్యము, తనను పంపినవారి కొక సత్యము అనుకొన్న క్షణమున విద్య కులమగును.

పైగా పామరుడు తాళలేడను మాటయే పరీక్షకు నిలువదు. కోయలలో డోలీలను గాయకులు కలరు. పడిగె అను బొమ్మల గుడ్డను విప్పి, ఒక్కొక్క గట్టు యొక్క పుట్టుకను, వేల్పుల కథను వారు రాత్రులు గానము చేయుదురు. ఆ విద్యలో ఆరితేరిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది. కోయలోను, తెలుగులోను ఆ గాథలను పాడగలిగిన ఆయన 2024లో కన్నుమూసినాడు. అట్టి గానమును వినుచు పెరిగినవారికి, ఒకే కథను ఇద్దరు పెద్దలు రెండు తీరులుగా చెప్పుదురనియు, తరము మారినప్పుడు క్రొత్త చరణము చేరుననియు, అయినను కథ తమదేననియు వేరుగా బోధింపవలసిన పని లేదు. గ్రంథము ఆకాశము నుండి ఏకముగా ఊడిపడినదని తలచునది అచ్చుపుస్తకమునకు అలవాటు పడిన పట్టణవాసి. అనేక కంఠముల ద్వారా సత్యము నడచి వచ్చునన్న భావము అడవివానికి పరాయిది కాదు. పట్టభద్రుడు భయపడి దాచిన విషయము, ఒకవేళ అతని తాతకు మిక్కిలి సులభముగా అర్థమగును.

ఈ విద్య వలన పల్లెకు ప్రయోజనమేమో తెలిసికొనుటకు ఇటీవలి వ్యాజ్యమొకటి ఆధారము. ఉసూరుకు తూర్పుగా, బస్తరు జిల్లాలోని ఛింద్‌వాడా గ్రామములో 2025 జనవరి 7న ఒక పాస్టరు మరణించినాడు. గ్రామపు శ్మశానములో అతనిని పాతిపెట్టుటకు ఊరివారు అంగీకరింపలేదు. శవము జగదల్‌పూరు ఆసుపత్రిలో ఉండగా వివాదము ఉన్నత న్యాయస్థానమునకు, అక్కడినుండి సుప్రీము కోర్టునకు పోయినది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు విధములుగా తలచినారు. కుటుంబపు సొంత భూమిలో ఖననము చేయవచ్చునని ఒకరు, క్రైస్తవులకు ఏర్పరచిన స్థలములోనే చేయవలెనని మరియొకరు అభిప్రాయపడినారు. శవము ఇంకను వేచియుండరాదని, 20 నుండి 25 కిలోమీటర్ల దూరమున కర్కాపాల్‌లో ఉన్న క్రైస్తవ శ్మశానములో ఖననమునకు ఇద్దరును కలిసి ఆదేశించినారు.

ఈ వివాదమున ఊరివారి పక్షమును కూడ ఓర్పుతో వినవలెను. బస్తరు గ్రామమున నేల ఒక్కొక్కరి ఆస్తి మాత్రమే కాదు. గ్రామదేవతకును, పూర్వులకును చెందినది. మృతుల స్మృతికి నిలిపిన శిలలు ఆ బంధమునకు సాక్ష్యములు. పండుగలో పాలు పంచుకొనుట, చందా ఇచ్చుట, జాతరలో నడచుట ఆ నేలకు చెల్లించు ఋణము. దానిని మానినవాడు మరణించిన తరువాత మాత్రము నేలలో పాలు కోరుట వారికి అన్యాయముగా తోచును. షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామసభ తన ఆచారములను కాపాడుకొనుటకు 1996 నాటి పెసా చట్టము గుర్తింపునిచ్చినది. మరియొక ప్రక్క, తల్లిదండ్రులు మట్టిలో కలిసిన ఊరనే కలిసిపోవలెనన్న కోరిక మానవ సహజమైనది. మతము మారుట వలన అది మారదు. రెండు న్యాయములు ఢీకొనిన చోట గట్టి గొంతుక వలన మేలు కలుగదు.

ఇట్టి సమయమున, చదువని బోధకుడు అబ్రాహామునకు దేవుడు భూమిని వాగ్దానము చేసినాడనియు, అబ్రాహాము సంతతికి నేలపై హక్కు కలదనియు సులభముగా ప్రసంగింపవచ్చును. ఆదికాండము 23వ అధ్యాయమును శ్రద్ధగా చదివినవాడు ఆ మాట అనలేడు. అక్కడ శారా హెబ్రోనులో మరణించినది. భార్యను పాతిపెట్టుటకు అబ్రాహామునకు జానెడు నేల లేదు. అతడు ఊరి ద్వారమునొద్దకు పోయి, హేతు కుమారుల ముందు తనను తాను గేర్ అని చెప్పుకొన్నాడు. తెలుగు బైబిలులో పరదేశి అని వచ్చు ఆ హీబ్రూ మాటకు, ఒక చోట నివసించుచు అక్కడి నేలలో హక్కు లేనివాడని అర్థము. ఆ అధ్యాయమున అబ్రాహాము దేవుని వాగ్దానమును ఒక్కమారైనను ఎత్తలేదు. ఆ దేశపు ప్రజల ముందు రెండు మారులు వంగి నమస్కరించినాడు. ఉచితముగా తీసికొమ్మన్నను ఒప్పుకొనక, ఎఫ్రోను అడిగిన 400 తులముల వెండిని బేరమాడకుండ అందరి ఎదుట తూచి ఇచ్చి, మక్పేలా గుహను, పొలమును, అందలి చెట్లను పొందినాడు.

ఈ అధ్యాయమును యాజక సంప్రదాయమునకు చెందినదిగా విమర్శకులు చాలకాలముగా పేర్కొనుచున్నారు. ఆ సంప్రదాయము రూపొందినది బబులోను చెరలోనో, దానికి సమీప కాలముననో అని వారిలో అనేకుల అభిప్రాయము. అనగా నేల పోగొట్టుకొన్నవారు, తమ మూలపురుషుడు కూడ సమాధికి చోటు వేడుకొన్నవాడేనని జ్ఞాపకము చేసికొన్నారన్నమాట. గ్రంథపు పుట్టుకను గూర్చిన ఈ జ్ఞానము విశ్వాసమును తగ్గించునన్న భయమునకు ఇక్కడ ఆధారము కనబడదు. అది కథకు ఒక కాలమును, ఒక కన్నీటిని చేర్చుచున్నది.

గేర్ అను మాటను ఉసూరు ప్రాంతపు విద్యార్థి రెండు మారులు గుర్తించును. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాతి అలజడిలో బస్తరు నుండి వేలమంది సరిహద్దు దాటి, నాటి ఖమ్మము, వరంగల్లు జిల్లాల అడవులలో గుడిసెలు వేసికొన్నారు. గుత్తికోయలన్న పేరుతో వారు అక్కడ నివసించుచున్నారు. దున్నిన నేలపై హక్కు కొఱకు వారిలో అనేకులు ఏండ్ల తరబడి వేచియున్నారు. వారు అచ్చముగా హీబ్రూ గేర్‌లు. ఛింద్‌వాడా పాస్టరు స్థితి దీనికి తలక్రిందులు. అబ్రాహాము పరాయి ఊరిలో సమాధి పొందిన పరదేశి. ఇతడు సొంత ఊరిలో సమాధి దొరకక పరదేశియైనవాడు. నిఘంటువులో ఒక మాట వెదకిన శ్రమ, ఇన్ని మనుష్యుల ముఖములను ఒకచోట నిలిపి చూపుచున్నది.

ఆ విద్యార్థి తిరిగివచ్చి ఇరుపక్షముల మధ్య నిలిచినయెడల చెప్పదగిన మాట ఇదే అధ్యాయములో కలదు. తన వారితో, మన మూలపురుషుడు హక్కును చాటలేదు, దేశప్రజల ముందు వంగినాడు అని చెప్పవలెను. ఊరివారితో, ఆ దినమున మరియొక దేవుని కొలిచిన హేతు కుమారులు మీ వలెనే స్థానికులు, వారు శవమును వెనుకకు పంపలేదు అని చెప్పవలెను. ఈ మాటలు వివాదమును తీర్చునని ఎవరును హామీ ఇవ్వలేరు. ఆ మక్పేలా గుహయే నేటికిని హెబ్రోనులో యూదులకును, ముస్లిములకును నడుమ కలహస్థానమై ఉన్నది. పుణ్యకథ కూడ మూర్ఖుని చేతిలో ఆయుధమగును. అందుచేతనే దానిని పట్టుకొను చేయి శిక్షణ పొందినదై యుండవలెను. ఈ చదువు ఇచ్చు ముఖ్య ఫలము వాగ్ధాటి కాదు, నిగ్రహము. తన గ్రంథము తనకు అనుకూలముగా చెప్పని దానిని, చెప్పినట్లు నటింపకుండుట అన్నింటికన్న కష్టమైన నియమము.

కావున దైవజ్ఞానమునకు పట్టమీయవచ్చునా అను ప్రశ్నకు సమాధానము కళాశాలలో దొరకదు. శ్రీరామపురపు సెనెట్టు ఒకడు హీబ్రూ చదువగలడని, గ్రంథచరిత్ర ఎఱుగునని మాత్రమే ధ్రువపరచగలదు. దైవమును ఎఱుగునని ధ్రువపరచుట దాని పని కాదు. మిగిలిన భాగమును తాలిపేరు ఒడ్డున నివసించువారే ధ్రువపరచవలెను. అందుకు వారు అడుగునవి చిన్న ప్రశ్నలు. ఈ చదువుకున్నవాడు మా మాటలో మాట్లాడునా? తనకు తెలిసినది మాకు చెప్పునా, దాచునా? శవము ఇంటిలో ఉన్న దినమున పొరుగువానితో మాట్లాడుటకు మా ముందు నడచునా? ఈ మూడింటికి ఔనను జవాబు వచ్చిననాడు ఆ పట్టము పూర్తియైనట్లు. అంతవరకు అది సగము చదివిన పుస్తకమే.